మారిషస్‌లో తెరచాప పడవ: ఇంజను ఆపి గాలికి నడిపే యాత్ర ఏ తీరంలో దొరుకుతుంది?

బెజవాడ_బాటసారి | జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆగస్టు మూడో వారంలో ఆరు రోజులకు మారిషస్ వెళుతున్నాము. నేను, నా భార్య, ఎనిమిదేళ్ళ అమ్మాయి, మా అమ్మ. అమ్మకు అరవై ఎనిమిది. మోకాళ్ళ నొప్పి తప్ప ఆరోగ్యం బాగానే ఉంది. చేపలు, మాంసం ముట్టదు.

నా కోరిక ఒక్కటే. తెరచాప ఎత్తిన పడవలో ఒక పూట సముద్రం మీద తిరగాలి. ట్రావెల్ ఏజెంటు మూడు కాటమరాన్ (రెండు దోనెలు కలిపిన పడవ) యాత్రలు పంపించాడు. తూర్పున ఇల్ ఓ సెర్ఫ్ దీవికి, ఉత్తరాన ఇలో గాబ్రియేల్ దీవికి, పడమట డాల్ఫిన్లు చూపించి ఇల్ ఓ బెనితియే దీవికి తీసుకువెళ్ళేది. మూడింటికీ ఒకటే ఫొటో పెట్టాడేమో అనిపిస్తోంది: తెల్ల పడవ, నిండుగా పొంగిన తెల్ల చాప, నీలం నీళ్ళు. వెళ్ళి వచ్చినవారు దారి చూపండి.

ఉప్పాడ_కెరటం | జూన్ 2, రాత్రి 10:15

ముందు నా గోడు వినండి. రెండేళ్ళ క్రితం డిసెంబరులో తూర్పు వైపు యాత్రకు వెళ్ళాము. ఉదయం తొమ్మిదిన్నరకు ఎక్కించుకుని సాయంత్రం నాలుగుకు దింపారు. ఆ మధ్యలో తెరచాప సంచిలోంచి బయటికి రాలేదు. పొద్దస్తమానం డీజిల్ ఇంజను మోత, దాని మీద పాటల మోత. అడిగితే కళాసీ నవ్వి "గాలి లేదు" అన్నాడు. అప్పటికే నా టోపీ గాలికి కొట్టుకుపోయి సముద్రంలో తేలుతోంది!

చోటు మాత్రం అందమైనదే, కాదనను. పగడపు దిబ్బకు ఇవతల నీళ్ళు గాజు పలకలా ఉంటాయి. గ్రాండ్ రివర్ సౌత్ ఈస్ట్ దగ్గర చిన్న పడవలోకి మార్చి జలపాతం దాకా తీసుకువెళ్ళారు, గట్టు మీద కోతులు. కానీ నేను డబ్బు కట్టింది తెరచాపకు. మోటారు పడవే ఎక్కాలంటే మా ఊళ్ళో లేవా?

గచ్చిబౌలి_గాలిపటం | జూన్ 2, రాత్రి 11:02

ఇంజనైతే ఏమిటి, చాపైతే ఏమిటండీ? మేము పెళ్ళయిన కొత్తలో పడమటి యాత్రకు వెళ్ళాము. బల్లమీద కాల్చిన చేప, చేతిలో చల్లటి గ్లాసు, పడవ ముందు కట్టిన వల మీద కాళ్ళు చాపుకుంటే వల కింద సముద్రం. ఎదురుగా లె మోర్న్ కొండ. నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. సెలవు అంటే లెక్కలు చూసుకోవడం కాదు కదా.

సరంగు_విశాఖ | జూన్ 3, ఉదయం 6:10

ఉప్పాడ కెరటం గారి కళాసీ అబద్ధమాడాడని నేను అనను, నిజం చెప్పాడనీ అనను. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల మీద పనిచేసి విశాఖలో దిగిపోయినవాణ్ణి. పోర్ట్ లూయీ రేవు ఆరేడు సార్లు చూశాను. చాప ఎందుకు ఎత్తరో తెలియాలంటే ముందు ఆ దీవి మీద గాలి ఎటు వీస్తుందో తెలియాలి.

అక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఆగ్నేయం నుంచే వస్తుంది. బడిలో వ్యాపార పవనాలని చదువుకున్నామే, అవే. మే నుంచి అక్టోబరు దాకా వాళ్ళకు చలికాలం. అప్పుడు ఆ గాలికి బలం ఎక్కువ. దీవి నడుమ పీఠభూమి, దాని అంచున కొండలు. కాబట్టి తూర్పు తీరం గాలికి రొమ్ము చూపిస్తుంది, పడమటి తీరం కొండ చాటున పడుకుంటుంది. చిక్కంతా ఇక్కడే. సముద్రం నున్నగా ఉన్న చోట చాపకు గాలి చాలదు. చాపకు గాలి దొరికే చోట సముద్రం నున్నగా ఉండదు. పడమట ఒక్క లె మోర్న్ మూల దగ్గర మాత్రం గాలి కొండను చుట్టుకుని ఉరుకుతుంది. నడుముకు గాలిపటం కట్టుకుని అలల మీద జారే ఆటగాళ్ళంతా అక్కడ చేరేది అందుకే.

ఇంకొకటి. చాపతో నడిచే ఏ పడవైనా గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు నలభై అయిదు డిగ్రీలు పక్కకు తిరగాలి, రెండు దోనెల కాటమరాన్ ఇంకాస్త ఎక్కువే తిరగాలి. అటొక మలుపు, ఇటొక మలుపు వేసుకుంటూ పోవాలి. ముప్పై నలభై మందికి పన్నెండున్నరకు భోజనం పెట్టాల్సినవాడు ఆ తిప్పలు పడడు, ఇంజను తాళం తిప్పుతాడు. తూర్పు తీరంలోని త్రూ దో దూస్ ఊరి నుంచి ఆ జలపాతం దక్షిణాన ఉంది, అంటే దాదాపు ఎదురుగాలి. పైగా పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య దారి ఇరుకు, లోతు తక్కువ.

ఉత్తరం సంగతి వేరు. గ్రాన్ బే నుంచి ఇలో గాబ్రియేల్ ఈశాన్యంగా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. ఆగ్నేయపు గాలి పడవకు పక్క నుంచి తగులుతుంది. పడవకు అన్నిటికంటే ఇష్టమైన గాలి అదే. పోయేటప్పుడూ పక్కగాలే, వచ్చేటప్పుడూ పక్కగాలే. బాటసారి గారూ, మీకు చాపే కావాలంటే ఉత్తరానికి వెళ్ళండి. అయితే కాప్ మాలరో కొస దాటాక పగడపు దిబ్బ కాపు ఉండదు. ఆగస్టులో అలలు గట్టిగానే తన్నుతాయి. మీ అమ్మగారి మోకాళ్ళ గురించి మీరే ఆలోచించుకోవాలి.

హంసలదీవి | జూన్ 3, మధ్యాహ్నం 1:25

సరంగు గారు "గట్టిగానే" అని ఊరుకున్నారు. మిగతాది నేను చెబుతాను. పోయిన సెప్టెంబరులో ఉత్తరపు యాత్రకు వెళ్ళాను. క్వాన్ ద మీర్ దీవి దాకా అందరికంటే గట్టిగా పాటలు పాడింది నేనే. ఫిరంగి కింద పెట్టే చెక్క ముక్క ఆకారమట, అందుకే ఆ పేరట. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రాయి, దాని మీద పొడుగు తోకల తెల్ల పిట్టలు. ఆ పిట్టలను చూస్తూ ఉండగానే కడుపులో మొదలైంది. తర్వాత గంట సేపు నేను పడవ అంచును విడిచిపెట్టలేదు.

అనుభవంతో చెబుతున్నాను. వాంతి బిళ్ళ బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే అది కూడా సముద్రానికే పోతుంది. అమ్మగారి బిళ్ళ గురించి ముందే వైద్యుణ్ణి అడగండి, పెద్దవాళ్ళకు కొన్ని పడవు. పొద్దున్నే నూనె లేని ఇడ్లీలాంటిది కాస్త తినాలి, ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. గది లోపల కూర్చోకూడదు, ఫోను చూడకూడదు. వెనకవైపు నడుమ చోటు చూసుకుని నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత మీద చూపు నిలపాలి. ముందున్న వల మీదికి అందరూ ఎగబడతారు, కానీ పడవ ఎక్కువగా ఎగిరిపడేది అక్కడే.

దీవి చేరాక మాత్రం, ఆ ఇసుక, ఆ నీళ్ళు... మళ్ళీ వెళతావా అంటే వెళతాను.

మోకా_తెలుగమ్మాయి | జూన్ 3, సాయంత్రం 5:50

నమస్కారము. నేను మారిషస్‌లోనే పుట్టి పెరిగినదానిని, మా వంశములో ఐదవ తరము. తెలుగు బడిలోనూ, తరువాత మోకా ఊరిలోని మహాత్మా గాంధీ సంస్థలోనూ నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. మీ చర్చ చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే మేము కూడా సెలవులకు ఇవే పడవలు ఎక్కుతాము, ఇవే ఫిర్యాదులు చేస్తాము.

బాటసారి గారూ, ఆదివారము వెళ్ళకండి. ఆ రోజు మేమంతా దీవుల మీదనే ఉంటాము. మంగళ, బుధ వారాలలో ఖాళీగా ఉంటుంది. డబ్బు కట్టే ముందు పడవవాళ్ళనే మూడు మాటలు అడగండి. ఎంతమందిని ఎక్కిస్తారు? తిరుగు ప్రయాణములోనైనా చాప ఎత్తుతారా? పడవ ఎక్కేది చెక్క వంతెన మీద నుండా, లేక మోకాలి లోతు నీళ్ళలో దిగి రబ్బరు పడవలోనా? మీ అమ్మగారికి ఈ మూడవ ప్రశ్న చాలా ముఖ్యము. గాబ్రియేల్ దగ్గర వంతెన లేదు, అక్కడ రబ్బరు పడవే.

శాకాహారము అని ముందే వ్రాయించండి. అయినా చాలా పడవల మీద ఒకే ఇనుప చట్రము మీద అన్నీ కాలుస్తారు. మేము మా అమ్మమ్మ కోసము దాల్ పూరీలు పొట్లము కట్టి తీసుకువెళతాము. పలుచని పూరీలో ఉడికించిన శనగపప్పు పొడి, లోపల చిక్కుడు గింజల కూర. ఏ వీధిలోనైనా దొరుకుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు సెగా అనే మా దీవి పాటలు పాడతారు. రవాన్ అనే మేక తోలు డప్పును మంట దగ్గర వేడి చేసి బిగువు తెప్పించి వాయిస్తారు. పడవ మీద మంట పెట్టరు కదా, కాబట్టి అసలైన రవాన్ వినాలంటే రాత్రి ఒడ్డునే వినండి.

ఉప్పాడ_కెరటం | జూన్ 3, రాత్రి 8:05

అమ్మా, మీ తెలుగు మా పిల్లల తెలుగు కంటే బాగుంది. మీవాళ్ళు ఏ ఊరివారు?

మోకా_తెలుగమ్మాయి | జూన్ 3, రాత్రి 9:30

ఊరు పేరు మా ఇంట్లో ఎవ్వరికీ గుర్తు లేదు. రేవు పేరు మాత్రము మిగిలింది. తెలుగువారిని ఇక్కడ ఒకప్పుడు కోరంగీలు అనేవారు, కోరంగి నుండి ఓడ ఎక్కినందుకు. సింహాద్రి అప్పన్న పూజ చేస్తాము, దీపము చుట్టూ తిరుగుతూ రామభజనము చేస్తాము. ఉగాది మాకు ప్రభుత్వ సెలవు.

ఉప్పాడ_కెరటం | జూన్ 3, రాత్రి 9:41

కోరంగి మా ఇంటి నుంచి బండి మీద గంట. ఇప్పుడు అక్కడ ఓడలు లేవు, మడ అడవి ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు మీ పేరు చెప్పి ఒక దండం పెట్టుకుని వస్తాను.

నెల్లూరు_నావ | జూన్ 5, ఉదయం 10:20

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. మాకు సంక్రాంతి సెలవుల్లోనే వీలవుతుంది. జనవరిలో తెరచాప యాత్ర బాగుంటుందా? ఇంకొక సందేహం, కాటమరాన్ అన్నది మన మాటేనట కదా?

సరంగు_విశాఖ | జూన్ 5, ఉదయం 11:00

రెండో ప్రశ్న తేలిక. తమిళంలో కట్టుమరం, అంటే దుంగలు కలిపి కట్టిన తెప్ప. మన ఉత్తరాంధ్ర జాలర్లవీ అలాంటి తెప్పలే. ఇప్పుడు మీరు ఎక్కబోయే రెండు దోనెల పడవకు మూలం మాత్రం పసిఫిక్ దీవులవాళ్ళది. పేరు మనవైపుది, రూపం వాళ్ళది.

జనవరి అక్కడ మంచి ఎండాకాలం. నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గాలి మెత్తగా ఉంటుంది. అయితే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం, అందులో జనవరి నుంచి మార్చి దాకా మరీనూ. తుఫాను దగ్గరలో ఉంటే పడవలు కదలవు. డబ్బు తిరిగి ఇచ్చే షరతు చూసుకుని మరీ కట్టండి.

తుఫాను అంటే ఒక సంగతి గుర్తుకు వచ్చింది. 1845 ఫిబ్రవరిలో చార్ల్స్ హెడిల్ అనే ఓడ మారిషస్ నుంచి బయలుదేరి తుఫానులో చిక్కుకుంది. గానుగెద్దులా రోజుల తరబడి అదే సుడి చుట్టూ తిరిగింది. ఆ ఓడ చిట్టాలో రాసిన గాలి దిక్కులను కలకత్తాలో కూర్చుని లెక్కగట్టిన హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టలా తిరిగే ఇలాంటి గాలికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. మోకా అమ్మాయి చెప్పిన కోరంగిని 1839లో ముంచింది కూడా అలాంటి గాలే. ఆ చివరా ఈ చివరా ఒకే గాలి దెబ్బ తిన్న రేవులు ఇవి.

గచ్చిబౌలి_గాలిపటం | జూన్ 5, మధ్యాహ్నం 2:15

గాలి పాఠాలు బాగున్నాయి కానీ చిన్నపిల్ల ఉన్న కుటుంబానికి డాల్ఫిన్లను మించింది ఏముంది? పడమట తమారిన్ దగ్గర పొద్దున్న ఏడున్నరకల్లా చేరితే పదుల కొద్దీ కనిపిస్తాయి. వాటి మధ్యలోకి దూకి ఈత కొట్టాము!

హంసలదీవి | జూన్ 5, మధ్యాహ్నం 2:50

నేనూ చూశాను, సిగ్గుపడ్డాను. ఒక్క గుంపు డాల్ఫిన్ల వెంట పదిహేను పడవలు. అవి రాత్రంతా లోతు నీళ్ళలో వేటాడి, పొద్దున్న ఆ కడలికోనలోకి వచ్చేది కునుకు తీయడానికి. మీరు దూకింది వాటి పడకగదిలోకి.

గచ్చిబౌలి_గాలిపటం | జూన్ 5, మధ్యాహ్నం 2:58

అంత మాట అనక్కర్లేదు. మాకు ఎవ్వరూ ఆ సంగతి చెప్పలేదు.

నిర్వాహకులు | జూన్ 5, మధ్యాహ్నం 3:30

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. చర్చ తెరచాప గురించి.

మోకా_తెలుగమ్మాయి | జూన్ 5, సాయంత్రం 6:20

హంసలదీవి అక్క చెప్పినది నిజమే, మాలో కూడా దీని మీద గొడవలు ఉన్నాయి. ఆగస్టులో వస్తున్నారు కనుక ఒక మాట. జూలై నుండి అక్టోబరు దాకా దక్షిణ ధ్రువము వైపు నుండి పెద్ద తిమింగలాలు మా దీవి పక్కకు వస్తాయి. పడవ దూరముగా ఆగితే అవే పైకి వచ్చి ఊపిరి వదులుతాయి. వెంటబడనవసరము లేదు.

గాబ్రియేల్ దీవి గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది, చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1856లో కలకత్తా నుండి కూలీలతో వచ్చిన రెండు ఓడలలో కలరా ఉందని, వాళ్ళను పోర్ట్ లూయీలో దిగనివ్వక గాబ్రియేల్, ఇల్ ప్లాట్ దీవుల మీద వదిలారు. తిండి, నీరు, నీడ చాలక రెండు వందల మందికి పైగా అక్కడే చనిపోయారు. ఇప్పుడు మనము గొడుగు పాతుకుని భోజనము చేసే ఇసుక అదే. వెళ్ళవద్దని కాదు, మేమూ వెళతాము. మా నాన్నగారు మాత్రము దిగగానే ఒక దోసెడు నీళ్ళు ఇసుక మీద వదిలి, ఆ తరువాతే బుట్ట తెరుస్తారు.

సరంగు_విశాఖ | జూన్ 5, సాయంత్రం 6:45

ఆరేడు సార్లు ఆ దీవుల పక్క నుంచి పోయాను. ఇల్ ప్లాట్ దీపస్తంభం చూసి దిక్కు సరిచూసుకున్నాను. ఈ సంగతి తెలియదు.

బెజవాడ_బాటసారి | జూన్ 6, రాత్రి 10:10

ఇంత చెప్పారు, ఎలా రుణం తీర్చుకోవాలో తెలియడం లేదు. అమ్మకు అంతా చదివి వినిపించాను. అలలకు భయపడి పడమటి వైపు వెళదామంటుందనుకున్నాను. "చాప ఉన్న పడవే చూడరా" అంది. ఉత్తరానికే, పన్నెండు మందికి మించని చిన్న పడవ చూశాను. ధర పెద్ద పడవ కంటే ఎక్కువే. వచ్చాక రాస్తాను.

బెజవాడ_బాటసారి | ఆగస్టు 29, రాత్రి 9:15

వచ్చేశాము. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను.

మొదట అనుకున్న మంగళవారం కుదరలేదు. ముందు రోజు సాయంత్రమే ఆ పడవ సరంగు ఫోను చేసి, గాలి ఎక్కువగా ఉంది, దిబ్బ దాటి బయటికి తీసుకువెళ్ళను అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మీద గౌరవమే కలుగుతోంది. ఆ రోజు పోర్ట్ లూయీ వెళ్ళి ఆప్రవాసీ ఘాట్ చూశాము. ఓడ దిగిన కూలీలు ఎక్కిన పదహారు రాతి మెట్లు ఉన్నాయి అక్కడ. అమ్మ మోకాళ్ళు పట్టుకుని మరీ వాటి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

గురువారం గాలి తగ్గింది. గ్రాన్ బేలో చెక్క వంతెన మీద నుంచే ఎక్కించారు. బిళ్ళలు గంట ముందే వేసుకున్నాము. ఎండ ఉన్నా చలి వేసింది, స్వెట్టరు తీసుకువెళ్ళమని ఇక్కడ ఎవ్వరూ చెప్పలేదు సుమా! కాప్ మాలరో ఎర్ర కప్పు చర్చి కనిపించే దాకా ఇంజనే. అది దాటాక ఇద్దరు కళాసీలు తాడు లాగారు. చాప ముందు తపతప కొట్టుకుంది, తర్వాత ఒక్కసారి బిగుసుకుంది. అప్పుడు సరంగు ఇంజను ఆపాడు.

ఆ నిశ్శబ్దాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిజానికి నిశ్శబ్దం కాదు. దోనెల కింద నీళ్ళు ఒరుసుకుంటున్న చప్పుడు, తాళ్ళు కిరకిరమనే చప్పుడు ఉన్నాయి. కానీ అంతవరకు అరుచుకుంటూ మాట్లాడిన పన్నెండు మందీ గొంతులు తగ్గించారు. మా అమ్మాయి చేతికి చుక్కాని చక్రం ఇచ్చి సరంగు వెనక నిలబడ్డాడు. "నాన్నా, ఇది లాగుతోంది" అంది. గాలి బరువు దాని చేతికి తెలిసింది.

నా భార్యకు తిరిగేటప్పుడు వాంతులయ్యాయి. హంసలదీవి గారు చెప్పినట్టే, ఫోను చూసింది.

అమ్మ మాత్రం చలించలేదు. వెనక బల్ల మీద కొంగు తలకు చుట్టుకుని కూర్చుంది. అమ్మది కోనసీమలో కాలువ గట్టు మీద పల్లె. చిన్నప్పుడు అమ్మమ్మగారింటికి చాప పడవలో వెళ్ళేవారట, కొబ్బరికాయల బస్తాల మీద కూర్చుని. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను చాప సగం దారిలోనే ఎత్తారని సణుగుతుంటే నవ్వింది. "గాలి ఉంటే చాప, లేకపోతే గట్టు మీద మనిషి తాడు పట్టి లాగేవాడు. ఇక్కడ గట్టు లేదుగా, పాపం ఇంజను పెట్టుకున్నాడు" అంది.

గాబ్రియేల్ దగ్గర రబ్బరు పడవలోకి ఇద్దరం పట్టుకుని దింపాము. మోకా అమ్మాయి చెప్పినట్టు దోసెడు నీళ్ళు వదిలాము. దాల్ పూరీలు మా అందరికీ సరిపోలేదు, పక్కవాళ్ళు కూడా అడిగి తిన్నారు.

సరంగు_విశాఖ | ఆగస్టు 30, ఉదయం 6:05

బాగుంది. రెండు చాపలూ ఎత్తారా, ముందు చాప ఒక్కటేనా?

బెజవాడ_బాటసారి | ఆగస్టు 30, ఉదయం 8:40

ముందు చాప ఒక్కటే.

సరంగు_విశాఖ | ఆగస్టు 30, ఉదయం 8:52

అయితే మీరు చూసింది సగమే. పెద్ద చాప ఎత్తినప్పుడు మళ్ళీ వెళ్ళండి.

బెజవాడ_బాటసారి | ఆగస్టు 30, ఉదయం 9:10

పక్కనుంచి అమ్మ అడగమంటోంది. కోరంగిలో ఇప్పుడు పడవ ఎక్కిస్తారా?

ఉప్పాడ_కెరటం | ఆగస్టు 30, ఉదయం 9:33

మడ అడవిలోకి ఎక్కిస్తారు, దగ్గరుండి నేను తీసుకువెళతాను. కానీ ముందే చెబుతున్నాను, ఇంజనే.